గాయాల మీద కూడా ఒక చదువుంది

ఈ వారం ఆవకాయ సంగతి పక్కన పెడుతున్నాను. మామిడికాయ ఎక్కడికీ పోదు, వచ్చే వారం చూసుకుందాం. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది నలుగురిలో అనడానికి నోరు రాని సంగతి. మన పిల్లల్లో కొందరు తమ ఒంటిని తామే గాయపరచుకుంటారు. చేతి మీద గీతలు కనిపిస్తాయి. అడిగితే పిల్లి రక్కిందనో, ముళ్ళకంచె గీరుకుందనో అంటారు. మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పరు. తల్లికి లోపల ఎక్కడో అనుమానం మొదలవుతుంది. కానీ అడగడానికి భయం. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

ఇవన్నీ పట్నం పిల్లల రోగాలు, మా జైనూర్ లాంటి అడవి పక్క ఊళ్ళకు రావు అనుకునేవాళ్ళు చాలామంది. అట్లా ఏమీ లేదమ్మా. దుఃఖానికి ఊరూ పట్నం ఉంటుందా? చాలా దేశాల లెక్కలన్నీ కలిపి చూసి 2014లో పరిశోధకులు ఒక మాట తేల్చారు. పదేళ్ళు దాటి ఇరవై లోపున్న పిల్లల్లో నూటికి సుమారు 17 మంది, ఎప్పుడో ఒకసారైనా ఇట్లా చేసుకున్నవాళ్ళేనట. ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ ఉన్నారు. ఎక్కువగా మొదలయ్యేది 12, 14 ఏళ్ళ మధ్య. అంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. పిల్లను మొదటిసారి హాస్టల్‌కు పంపే వయసు కూడా మనకు అదే కదా.

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. హైదరాబాదులో సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నది. బుద్ధిమంతురాలు, మాట మెత్తన. ఈ గాయాల మీద పరిశోధన చేసేవాళ్ళకూ, వైద్యం చేసేవాళ్ళకూ ప్రపంచమంతటికీ కలిపి ఒక సంఘం ఉందని, అందులో విద్యార్థి సభ్యురాలిగా చేరతానని ఇంట్లో చెప్పింది. వాళ్ళమ్మ ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. "గాయాల సంఘమట అక్కా, గదేం సంఘం? రేపు పిల్లగాని వాళ్ళు అడిగితే ఏం జెప్పాలె? మా పిల్లకే ఏదో ఉన్నదనుకోరా?" అని ఒకటే బాధ. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. నేను చదివింది ఇంటరే. కానీ ఆ అమ్మాయి తెచ్చిన కాగితాలన్నీ ఆమెతోనే తెలుగులో చెప్పించుకుని విన్నాను. అర్థం కానిచోట రెండోసారి అడిగాను.

ఆ సంఘం పేరు ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ ది స్టడీ ఆఫ్ సెల్ఫ్ ఇంజురీ. మరీ పాతదేం కాదు, 2000 తర్వాత పుట్టింది. యూనివర్సిటీల్లో పరిశోధన చేసేవాళ్ళు, ఆస్పత్రుల్లో చూసేవాళ్ళు, ఆ చదువు చదువుతున్న విద్యార్థులు ఇందులో సభ్యులు. ఏటేటా ఒకచోట కలిసి ఎవరు ఏం కనిపెట్టారో చెప్పుకుంటారు. కిరాణా వర్తకులకు సంఘం ఉంది, టీచర్లకు సంఘం ఉంది, డ్వాక్రాలో మనకు సంఘం ఉంది. ఇదీ అట్లాంటిదే. క్యాన్సర్ డాక్టర్ల సంఘంలో ఉన్న డాక్టరమ్మకు క్యాన్సర్ ఉందని మనం అనుకుంటామా? మరి మనసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకట్లా అనుకోవాలి?

ఆ సంఘం వాళ్ళు మొదట చేసిన పని, అసలు దేన్ని ఇట్లా అనాలో ఒక హద్దు గీయడం. చావాలన్న ఉద్దేశం లేకుండా, కావాలని తన ఒంటిని తాను గాయపరచుకోవడం ఇదన్నారు. అయితే సమాజం ఒప్పుకున్న ఆచారం కోసం చేసేది ఈ లెక్కలోకి రాదన్నారు. ఈ చివరి మాట నాకు భలే నచ్చింది. ఎందుకంటే మా దగ్గర పెద్ద వయసు గోండు ఆడవాళ్ళ ఒంటి మీద పచ్చబొట్లు ఉంటాయి. సూది పోట్లే కదా అవి, నొప్పి లేకుండా అవుతాయా? కానీ అది అందం, ఆచారం, నలుగురూ కూర్చుని చేయించేది. మనం చంటిదానికి చెవులు కుట్టిస్తాం. బోనాల్లో పోతరాజు కొరడాతో కొట్టుకుంటాడు. అదంతా వేరు. తలుపు వేసుకుని ఒంటరిగా చేసుకుని, ఎవరికీ కనపడకుండా దాచుకునేది వేరు. తేడా ఎక్కడుందో తెలిస్తే సగం భయం పోతుంది.

"చావాలన్న ఉద్దేశం లేకుండా" అన్నదాన్ని కూడా కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. మనకు గీతలు కనపడగానే కాళ్ళూ చేతులూ ఆడవు, పిల్ల చచ్చిపోబోయిందనే అనుకుంటాం. చాలాసార్లు అది కాదు. లోపల పొంగుతున్న కోపమో, ఏడుపో, ఏమీ తోచని శూన్యమో భరించలేక, కాసేపు దానినుంచి తప్పించుకోవడానికి చేస్తారట. పాలు పొంగుతుంటే మంట తగ్గించడం తెలియనివాళ్ళు గిన్నెను కింద పడేస్తారు చూడండి, అట్లా. కొందరు తమను తాము శిక్షించుకోవడానికి చేస్తారు. "నేను మంచిదాన్ని కాదు, నాకిట్లా కావాల్సిందే" అని. అందరి దృష్టీ తనమీద పడాలని వేషాలేస్తున్నది అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళకు నాదొకటే ప్రశ్న. అందరూ చూడాలనుకుంటే పొడుగు చేతుల వెనుక దాచడం ఎందుకు?

అట్లాగని ఏమీ కాదులే అని ఊరుకోవడానికీ లేదు. ఇట్లా చేసుకునే పిల్లలకు ముందుముందు నిజంగా ప్రాణం తీసుకునే ఆలోచనలు వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువని కూడా ఆ పరిశోధనలే చెప్తున్నాయి. అందుకే దీన్ని తేలిగ్గానూ తీసుకోకూడదు, గుండెలు బాదుకోనూ కూడదు. ఈ రెంటికీ మధ్య నిలబడటమే తల్లికి కష్టం.

మాటల విషయంలో కూడా ఆ సంఘం మనుషులు పట్టుదలగా ఉన్నారు. "కోసుకునే పిల్ల" అని పేరు పెట్టొద్దంటారు. చేసిన పనిని పిల్లకు పేరుగా తగిలించకూడదు. మన వీధుల్లో ఎంత తొందరగా పేర్లు పడతాయో మీకు తెలియంది కాదు. ఒకసారి పేరు పడితే పెళ్ళయి మనవలు పుట్టినా పోదు.

ఇక ఈ చదువులో పేరెన్నికగన్న ఒకావిడ సంగతి చెప్పాలి. అమెరికాలో మార్షా లినెహాన్ అని సైకాలజిస్టు. 1961లో, పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, తనను తాను తీవ్రంగా గాయపరచుకుంటున్నదని మానసిక ఆస్పత్రిలో పెట్టారు. రెండేళ్ళకు పైగా అక్కడే ఉంది. ఆ పిల్ల బతికి, చదువుకుని, సియాటిల్‌లోని యూనివర్సిటీలో ప్రొఫెసరై, సరిగ్గా ఇట్లాంటి బాధకే ఒక వైద్య పద్ధతి తయారుచేసింది. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అంటారు. 1993లో దాని మీద పుస్తకం వేసింది. ఇవాళ ఎన్నో దేశాల్లో అదే వాడుతున్నారు. తన సొంత కథ మాత్రం లోకానికి 2011లోనే చెప్పింది. అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఆ పద్ధతిలో ఒక మాట నాకు బాగా పట్టింది. నువ్వు ఇప్పుడున్నట్టే నీకు చోటుంది, అయినా నువ్వు మారాలి, రెండూ నిజమే అంటారు. మన అమ్మమ్మలు ఒక చేత్తో అన్నం పెడుతూ ఇంకో చేత్తో మొట్టేవాళ్ళు చూడండి. మొట్టడం తీసేస్తే దాదాపు అదే.

మా వీధి తల్లికి ఇంకో అపోహ కూడా ఉండింది. సంఘంలో చేరితే పిల్ల డాక్టరైపోతుందని. అది కూడా సరిగా తెలుసుకోవాలి. సభ్యత్వం అంటే నేర్చుకునే చోటు దొరకడం, అంతే. దాంతో వైద్యం చేసే అర్హత రాదు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే ఎమ్మెస్సీ తర్వాత ఇంకా చదివి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకోవాలి. ఇది మనకెందుకంటారా? రేపు మీ పిల్లను ఎవరి దగ్గరికైనా తీసుకుపోతే ఆ నమోదు ఉందా అని అడగండి. గోడమీద ఎన్ని సంఘాల సర్టిఫికెట్లు వేలాడినా సరే, అడగండి. చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని పది సార్లు అడుగుతాం కదా.

సరే, ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. పిల్ల చేతి మీద గీతలు చూశారనుకోండి. మొదట గాయం చూడండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి, పరిశుభ్రమైన గుడ్డ కట్టండి. లోతుగా ఉంటే, రక్తం ఆగకపోతే, వెంటనే ఆస్పత్రికి. ఆ కట్టు కట్టే పది నిమిషాలూ మీరు కోప్పడకుండా ఉండగలిగితే చాలు, పిల్లకు సగం చెప్పినట్టే. అప్పుడే ప్రశ్నలు వద్దు. తర్వాత ఏ బియ్యం ఏరుతున్నప్పుడో, చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నప్పుడో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఎదురెదురుగా కూర్చుని కళ్ళలోకి చూసి అడిగితే పిల్లలు నోరు విప్పరు. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది.

"నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయనని చెప్పు" అని మాత్రం ఒట్టు వేయించుకోకండి. ఇది మనందరికీ నోటి చివరనే ఉంటుంది. ఒట్టు వేసిన పిల్లకు మళ్ళీ ఆ బాధ వస్తే, ఇప్పుడు అమ్మను కూడా చంపినంత పని చేశానని రెండో బాధ తోడవుతుంది. అప్పుడు ఇంకా లోతుగా దాస్తుంది. చుట్టాలకు చూపించకండి. "చూడవే పిన్నీ దీని ఘనకార్యం" అని చెయ్యి పట్టి లాగకండి. వాళ్ళ నాన్నకు చెప్పాలా అంటారా? చెప్పాలి. కానీ ఆయన కోపం మీకు తెలుసు కాబట్టి ముందు ఆయనతో విడిగా మాట్లాడి, ఆ తర్వాతే పిల్ల ముందుకు రానివ్వండి.

ఇంకో మాట. "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా బిడ్డా?" అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన భయం. అట్లా పుట్టదని ఈ పనిలో ఉన్నవాళ్ళంతా చెప్తున్నారు. పైగా అడిగినవాళ్ళు ఒకరున్నారని పిల్లకు ఊపిరి ఆడుతుంది. అనిపిస్తోంది అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. గాలి సోకిందని తాయెత్తు కట్టించే అత్తగారు ఇంట్లో ఉంటే ఆమెతో గొడవ పెట్టుకోవద్దు. తాయెత్తు కట్టనివ్వండి, బస్సు కూడా ఎక్కించండి. ఆదిలాబాదు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. బస్సు దూరమైతే ఫోన్ ఉంది. 14416 అని అయిదంకెల నంబరు. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లే చేయాలని లేదు, ఏం చేయాలో తోచని తల్లి కూడా చేయవచ్చు. పాల లెక్క రాసే క్యాలెండర్ మీద ఈ నంబరు కూడా రాసిపెట్టుకోండి.

ఆస్పత్రికి పోతే పోలీసు కేసవుతుందని దాచిపెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చూసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అని అందులో 115వ సెక్షను చెప్తుంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను కూడా 2024 జులై 1తో పోయింది. కాబట్టి ఆ భయంతో పిల్లను ఇంట్లో పెట్టుకోకండి.

సంఘంలో చేరడం గురించి మొదలుపెట్టాను కదా, మళ్ళీ అక్కడికే వస్తాను. పరిశోధకుల సంఘంలో మనకు పని లేకపోవచ్చు. కానీ మామూలు ఆడవాళ్ళు చేరగలిగే చోట్లు కూడా ఉన్నాయి. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి ఫాదరు ఒక ఫోన్ పెట్టుకుని, చావాలనుకునేవాళ్ళు నాకు చేయండి అన్నాడు. ఆయనకోసం వచ్చినవాళ్ళు వరండాలో ఎదురుచూస్తుంటే, టీలు ఇచ్చే సహాయకులు వాళ్ళతో కబుర్లు చెప్పేవాళ్ళట. చాలామంది ఆ టీ, ఆ కబుర్లతోనే కుదుటపడి, ఫాదరును చూడకుండానే వెళ్ళిపోయేవాళ్ళట. టీ ఇచ్చేవాళ్ళు కూడా వైద్యమే చేస్తున్నారని ఆయనకు అప్పుడు అర్థమైంది. మద్రాసులో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అని అట్లాంటిదే పెట్టారు. మన సికింద్రాబాదులో రోష్ని 1997లో మొదలైంది. ఈ రెండుచోట్లా ఫోన్ ఎత్తేవాళ్ళు డాక్టర్లు కారు, శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు. సలహా ఇవ్వకుండా, తీర్పు చెప్పకుండా వినడం నేర్పుతారు. వినడంలో ఏముంది అనుకోకండి. అయిదు నిమిషాలు మధ్యలో మాట అందుకోకుండా ఎవరి మాటైనా విని చూడండి, తెలుస్తుంది!

అట్లా వింటూ పోతే ఊరికే పోదు. పరీక్ష తప్పిన పిల్లల గోడు వినీ వినీ, స్నేహ వాళ్ళు తమిళనాడులో ఏడాది వృథా కాకుండా వెంటనే మళ్ళీ రాసే పరీక్ష కోసం పట్టుబట్టారు. అది వచ్చింది. 2019 ఏప్రిల్‌లో మన ఇంటర్ ఫలితాలు ఎంత గందరగోళమైపోయాయో, ఎన్ని ఇళ్ళలో ఏడుపు మిగిలిందో మీకు గుర్తుండే ఉంటుంది. తప్పిన పిల్లలందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూడమని ప్రభుత్వం చెప్పింది, కానీ అది గొడవ అయ్యాక. ముందే వినేవాళ్ళుంటే అని అనిపించదా?

ఆ లక్ష్మీ విజయకుమార్ గారే ఇంకొకటి చేసి చూపించారు. తమిళనాడులో రెండు ఊళ్ళలో రైతులందరికీ కలిపి ఒక గది కట్టించి, ఒక్కొక్కరికీ తాళం వేసుకునే పెట్టె ఇచ్చారు. పురుగుమందు ఇంట్లో కాకుండా అక్కడ పెట్టుకునేట్టు. ఆ ఊళ్ళలో మందు వల్ల పోయే ప్రాణాలు తగ్గాయని 2013లో అచ్చయింది. బాధ పొంగిన ఆ కాసేపు చేతికి అందకపోతే, ఆ గడియ దాటిపోతుంది, మనిషి మిగులుతాడు. మా వైపంతా పత్తి. పత్తి ఉన్న ఇంట్లో మందు ఉంటుంది. అది వంటింటి అటక మీదో, మంచం కిందో ఉండాల్సిన వస్తువు కాదు. ఇంట్లోవాళ్ళ మాత్రలూ అంతే. తాళం వేసి, చెవి ఒకరి దగ్గరే ఉంచండి. ఎందుకని అడిగితే చిన్నపిల్లలున్నారని చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

ఇంతకూ మా వీధి పిల్ల అందులో ఎందుకు చేరాలంటున్నానో అసలు కారణం ఇంకా చెప్పనే లేదు. ఈ గాయాల మీద వచ్చిన చదువులో ఎక్కువ భాగం అమెరికా, కెనడా, ఐరోపా, ఆస్ట్రేలియా పిల్లల మీద చేసింది. మన హాస్టల్ పిల్ల సంగతి అందులో ఎంత ఉంటుంది? ఇంట్లో గోండి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు మాట్లాడాల్సిన పన్నెండేళ్ళ పిల్ల, పండక్కి తప్ప అమ్మను చూడని పిల్ల, తన కష్టం ఏ భాషలో చెప్పుకుంటుంది? మా మండలంలోనే మార్లవాయి ఉంది. కుమురం భీం పోరాటం జరిగిన 1940 తర్వాత, ఆస్ట్రియా దొర హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆ ఊళ్ళో గుడిసె వేసుకుని ఉన్నారు. కూర్చుని విన్నారు, విన్నది రాసుకున్నారు. 1943లో గోండు పంతుళ్ళను తయారుచేసే బడి అక్కడే పెట్టారు, గోండిలో వాచకాలు వేశారు. పిల్లవాడికి వాడి భాషలో చెప్పాలన్నది మా మార్లవాయిలో ఎనభై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి. అక్షరాలకు పనికొచ్చింది ఏడుపుకు పనికిరాదా?

ఈ పిల్లకు చిన్నప్పుడు ఆటల్లో నేర్చుకున్న గోండి ఇప్పటికీ వచ్చు. రేపు తన ప్రాజెక్టు ఆశ్రమ పాఠశాలల్లో చేయాలనుకుంటున్నది. దానికి ఉట్నూర్ ఐటీడీఏ అనుమతి కావాలి, పిల్లల తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి, ఎవరి పేరూ బయటికి రాకుండా చూసుకోవాలి. గాయం కనపడితే ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఇవన్నీ ఆ సంఘంలో పెద్దవాళ్ళు ఇదివరకు చేసి ఉన్నారు కాబట్టి అడిగి తెలుసుకుంటుంది. వాళ్ళమ్మకు ఇదంతా చెప్పాక, చందా ఎంత అని అడిగింది. ఎంతో పిల్లనే అడగమన్నాను.